బాలిలో ఒక రోజు, ఒక కారు: గుళ్లు, జలపాతాలు, వరి మడులకు ఏ దారి పట్టాలి?

బాలిలో ప్రైవేటు కారు మాట్లాడుకుని ఒక రోజు తిరుగుదామని వెతికితే ప్యాకేజీలు పదుల కొద్దీ కనిపిస్తాయి. ఫొటోలు మాత్రం అన్నింట్లోనూ అవే: మబ్బుల ముందు రెండు ముక్కలుగా నిలబడ్డ రాతి ద్వారం, పొలాల మీద ఊయల, జలపాతం కింద చేతులు చాచిన అమ్మాయి, సముద్రంలో గుడి. ఇవన్నీ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీని ముందే పక్కన పెట్టేయండి. ఆ ద్వారం ఉన్న లెంపుయాంగ్ గుడి ద్వీపానికి తూర్పు కొసన ఉంది. సముద్రంలో గుడి, అంటే తానా లోట్, నైరుతి తీరాన ఉంది. ఆ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మీరు ఎక్కువగా చూసేది ముందు కారు వెనక అద్దమే.

బాలి విస్తీర్ణంలో మన పాత పశ్చిమ గోదావరి జిల్లాకన్నా చిన్నది. ఇంత చిన్న చోట దూరాలేముంటాయి అనిపిస్తుంది. కానీ ద్వీపం నడుమ అగ్నిపర్వతాల వరుస ఉంది. అక్కడినుంచి దక్షిణానికి దిగే వాగులు నేలను లోతుగా కోసేశాయి. రోడ్లు ఆ లోయల మధ్య మిట్టల మీదుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అందుకే ఎగువకు పోవడం, దిగి రావడం తేలిక. అడ్డంగా తూర్పు నుంచి పడమరకు దాటడమే కష్టం. దక్షిణ తీరంలోని కుటా నుంచి ద్వీపం లోపల ఉన్న ఉబుద్ ఊరు ముప్పై కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, దానికే గంటన్నర పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. కాబట్టి ఎన్ని చోట్లు చూపిస్తారని కాకుండా ఏ దిక్కుకు తీసుకెళ్తారని అడగండి. రోజుకు ఒక్క దిక్కు చాలు.

ముందు మడుల సంగతి తేల్చుకోండి

గుళ్లూ జలపాతాలూ బాలిలో ఏ మూలకు పోయినా ఉంటాయి. పేరున్న అంచెల వరి మడులు మాత్రం ముఖ్యంగా రెండు చోట్ల: ఉబుద్‌కు ఉత్తరాన తెగల్లాలాంగ్, పడమటి కొండల్లో జతిలువిహ్. వీటిలో ఏది కావాలో తేల్చుకుంటే మిగతా రోజంతా దానంతటదే కుదురుతుంది.

తెగల్లాలాంగ్ ఉబుద్ నుంచి అరగంట లోపే. ఇరుకైన లోయ, నిటారుగా దిగే మడులు, మధ్యలో కొబ్బరి చెట్లు. ఫొటోలకు అంత పేరు వచ్చింది ఆ ఇరుకుదనం వల్లే, ఒక్క చూపులో లోయంతా ఇమిడిపోతుంది. జనం కూడా అందుకే ఎక్కువ. గట్టు పొడవునా కేఫ్‌లు, ఊయలలు, అద్దెకిచ్చే పొడవాటి గౌన్లు. మడుల మధ్య నడుస్తుంటే అక్కడక్కడ పెట్టె పెట్టుకుని విరాళం అడుగుతారు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, నాకలా అనిపించదు. చూడ్డానికొచ్చేది రైతు పొలాన్ని, డబ్బు పోయేది మాత్రం ఎదుటి కేఫ్‌కి. చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి, ఇచ్చి ముందుకు పొండి. ఉదయం ఎనిమిది లోపల చేరగలిగితేనే తెగల్లాలాంగ్ పెట్టుకోండి. పది దాటాక అక్కడ మనుషుల తలలే కనిపిస్తాయి.

జతిలువిహ్ వేరే లోకం. 2,276 మీటర్ల బటుకారు కొండ ఒడిలో, సుమారు 700 మీటర్ల ఎత్తున, వందల హెక్టార్ల మడులు కంటికి ఆనినంత దూరం పరుచుకుని ఉంటాయి. ఇక్కడ నిటారు లోయ లేదు, కాబట్టి ఒక్క ఫొటోలో పట్టదు. నడవాలి. రంగుల గుర్తులు పెట్టిన నడక దారులున్నాయి. చిన్నది గంటలో అయిపోతుంది, పెద్దవాటికి సగం పూట కావాలి. గాలి చల్లగా ఉంటుంది, కాలవ నీటి చప్పుడు వెంటే వస్తుంది, గట్ల మీద బాతులు. ఇక్కడ పండే ఎర్ర బియ్యానికి పేరుంది. భోజనంలో అదే అడిగి పెట్టించుకోండి.

ఈ మడుల వెనక ఉన్న ఏర్పాటు తెలిస్తే చూపే మారిపోతుంది. ఒక కాలవ కింది రైతులంతా కలిసి సుబక్ అనే సంఘంగా ఉంటారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు, ఎప్పుడు నాట్లు, ఎప్పుడు బీడు పెట్టాలి అన్నవి ఆ సంఘమే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాలు నీటి గుళ్ల పండగల వరసతో ముడిపడి ఉంటాయి. 1970ల్లో ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి, విరామం లేకుండా పంట మీద పంట వేయమంది. లోయ మొత్తం ఒకేసారి బీడు పడే రోజులు పోయాయి, పురుగు ఎక్కడో ఒకచోట తిండి దొరికి బతికిపోయింది. వరి రసం పీల్చే సుడిదోమ విరుచుకుపడింది. దోమపోటు అంటే ఏమిటో డెల్టా రైతుకు వివరించక్కర్లేదు. చివరికి మళ్లీ గుడి లెక్కల దారికే రావాల్సి వచ్చింది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ సుబక్ వ్యవస్థనే. జతిలువిహ్ అందులో ఒక భాగం, తెగల్లాలాంగ్ ఆ హద్దుల్లో లేదు.

ప్రయాణికుడికి దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. అందరూ కలిసి నాటి కలిసి కోస్తారు గనుక, మీరు వెళ్లేసరికి ఒక లోయంతా పచ్చగా ఉండొచ్చు, లేదా కోత అయిపోయి మోళ్లు మిగిలి ఉండొచ్చు. రెండు రోజుల ముందు డ్రైవర్‌కి కబురు పెట్టి, ఈ వారం తీసిన ఫొటో పంపమనండి. మోళ్లే ఉంటే ప్లాను మార్చుకోవచ్చు. దమ్ము చేసి నీళ్లు పెట్టి, నారు ఇంకా వేయని మడులుంటే మాత్రం మానకండి. పచ్చదనం లేదని చాలామంది చిన్నబుచ్చుకుంటారు గానీ, అంచె అంచెకూ ఆకాశం కనిపించే ఆ నాలుగు రోజులే నా లెక్కలో అన్నిటికన్నా బాగుంటాయి.

గుళ్లు: మన కళ్లతో వెళ్తే నిరాశే

తెలుగువాళ్లు బాలి గుడికి వెళ్లి బయటికొచ్చి "లోపల ఏమీ లేదు" అనడం మామూలే. మనకు గుడి అంటే గర్భగుడి, మూలవిరాట్టు, హారతి, తీర్థం. అక్కడ గుడి ఆకాశం కింద ఆరుబయట ఉంటుంది. మూడు ఆవరణలు, నల్లని నార కప్పిన, మేరువులనే అంతస్తుల గోపురాలు, అన్నిటికన్నా పైన పద్మాసనం అనే ఖాళీ పీఠం. పండగ రోజున దేవతలు దిగివచ్చి కూర్చుంటారని నమ్మకం, మిగతా రోజుల్లో పీఠం ఖాళీగానే ఉంటుంది. చాలా గుళ్లలో లోపలి ఆవరణలోకి చూడ్డానికొచ్చినవాళ్లను రానివ్వరు. మేమూ హిందువులమే అని గొడవ పెట్టుకోవడం అనవసరం. పూజ చేసుకోవాలని ఉంటే సారోంగ్ అనే లుంగీలాంటి బట్ట, నడుముకు పట్టీ సరిగ్గా కట్టుకుని, గైడ్ ద్వారా అక్కడి పూజారిని అడిగించండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. బహిష్టులో ఉన్న స్త్రీలు లోపలికి రావద్దని ద్వారాల దగ్గర బోర్డులే ఉంటాయి.

ఈ సంగతి తెలిశాక ఎంపిక సులువు. గోడలు చూసి రావడం కాకుండా ఏదైనా చేసి రావాలనుకుంటే తంపక్‌సిరింగ్‌లోని తిర్తా ఎంపుల్‌కు వెళ్లండి. పదో శతాబ్దం నాటి నీటి ఊట గుడి ఇది. కోనేట్లో దిగి, వరసగా ఒక్కో ధార కింద తల పెట్టి, దండం పెట్టుకుని పక్క ధారకు జరుగుతారు. చనిపోయినవారి కర్మలకు కేటాయించిన ధారలు రెండున్నాయి. వాటిని వదిలేయాలి, ఏవో ముందే అడిగి తెలుసుకోండి. స్నానానికి వేరే సారోంగ్ అక్కడే అద్దెకిస్తారు, మార్చుకోవడానికి పొడి బట్టలు మాత్రం మీరే తెచ్చుకోవాలి. పున్నమి రోజున స్థానికులు తండోపతండాలుగా వస్తారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, స్నానానికి మాత్రం గంటలు నిలబడాలి.

దానికి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న గునుంగ్ కావిని ప్యాకేజీలు తరచుగా వదిలేస్తాయి. సుమారు మూడు వందల మెట్లు దిగాలి గనుక ఆలస్యమవుతుందని వాళ్ల బాధ. పకెరిసాన్ నది లోయలో, పదకొండో శతాబ్దంలో, కొండ రాతిలోకి తొలిచిన పది స్మారకాలు. ఒక్కోటి ఏడు మీటర్ల ఎత్తు. చుట్టూ మడులు, కింద నది. మోకాళ్లు సహకరిస్తే ఉబుద్ చుట్టుపక్కల ఇంతకు మించిన గుడి లేదని నా అభిప్రాయం. మెట్లు దిగేటప్పుడే అటూ ఇటూ వరి అంచెలు కనిపిస్తాయి కాబట్టి, తెగల్లాలాంగ్‌కు ఆలస్యమైపోయినా బాధపడక్కర్లేదు.

పెద్దవాళ్లుంటే పడమటి దారిలోని గుళ్లు నయం. మెంగ్విలో 1634 నాటి తమన్ అయున్ రాజకుటుంబపు గుడి. చుట్టూ నీటి కందకం, లోపల తోట, నేలంతా చదును. కొండపైన బెదుగుల్‌లో, 1633లో కట్టిన ఉలున్ దను బెరతాన్ చెరువులో తేలుతున్నట్టు ఉంటుంది. సరస్సు దేవత దేవి దను కొలువు. ఒకప్పటి యాభై వేల రుపియా నోటు మీద ఉన్న గుడి ఇదే. అక్కడ సముద్ర మట్టానికి 1,200 మీటర్ల ఎత్తు, మధ్యాహ్నానికి మబ్బు దిగి వాన పడడం మామూలు. ఒక శాలువా ఉంచుకోండి.

లెంపుయాంగ్ గురించి ఒక్క మాట. ఫొటోలో ద్వారం కింద కనిపించే నీళ్లు అక్కడ లేవు. ఫోను కెమెరా కింద అద్దం ముక్క పెట్టి తీస్తారు. టోకెన్ తీసుకుని గంటో రెండు గంటలో కూర్చోవాలి, తిరుమల క్యూకు కావాల్సినంత ఓపిక కావాలి, చివర దర్శనం మాత్రం మన ఫొటోదే. ఆకాశం తేటగా ఉంటే ద్వారం మధ్యలో 3,031 మీటర్ల ఆగుంగ్ పర్వతం కనిపిస్తుంది, అది నిజమే. తూర్పు వైపు బస చేసినవాళ్లు తెల్లవారకముందే వెళ్లి, వచ్చేటప్పుడు తిర్తా గంగా నీటి తోటలు చూసుకుని రావచ్చు. కుటాలో దిగినవాళ్లు దానికోసం ఒక రోజు పాడు చేసుకోవద్దు.

జలపాతం దగ్గర మెట్లే అసలు లెక్క

జలపాతం ఎత్తు ఎంతో అందరూ రాస్తారు, మెట్లు ఎన్నో రాయరు. బాలిలో జలపాతాలు ఎక్కువగా లోయలోనే ఉంటాయి, అంటే చూసినంతసేపూ సంతోషం, తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం.

ఉబుద్‌కు దగ్గర్లో తెగెనుంగన్ అందరికీ తెలిసింది, జనమూ ఎక్కువే. పై గట్టు మీదినుంచే చూడొచ్చు, కాబట్టి దిగలేనివాళ్లకు పనికొస్తుంది. నన్నడిగితే తిబుమానా మేలు. నడక సులువు, నీళ్లు సన్నగా తెరలా పడతాయి. తుకద్ చెపుంగ్ గుహలాంటి చోట ఉంటుంది. వాగులో రాళ్ల మీద నడిచి లోపలికి పోవాలి. పైనుంచి ఎండ కిరణాలు దిగే దృశ్యం పొద్దున పూటే, మబ్బు పట్టిన రోజున అసలుండదు. ఎగువన వాన పడుతుంటే ఆ ఇరుకు సందులోకి దిగడం ప్రమాదం, డ్రైవర్ వద్దంటే వాదించకండి.

ఉత్తరాన సెకుంపుల్ స్థాయి వేరు. దాదాపు ఎనభై మీటర్ల ఎత్తు నుంచి ఒకేచోట అనేక పాయలుగా పడుతుంది. కిందికి దిగాలంటే స్థానిక గైడ్‌ను తీసుకోవాలి, టిక్కెట్టు అక్కడి కౌంటర్లోనే కొనాలి. దారి మధ్యలో ఆపి టిక్కెట్లు అమ్మేవాళ్లను నమ్మొద్దు. మెట్లు వందల్లో ఉంటాయి, వాగు దాటాలి. ఉబుద్ నుంచి పోవడానికే రెండు గంటలు. ఆ రోజు ఇంకో పెద్ద పని పెట్టుకోకూడదు. అంత శ్రమ వద్దనుకుంటే బెదుగుల్ దాటాక బన్యుమాలా జంట జలపాతం ఉంది. మెట్లు ఓ మోస్తరు, కింద ఈత కొట్టేంత మడుగు.

డ్రైవరా, గైడా, స్కూటరా?

కారు, డ్రైవర్, పెట్రోలు కలిపి పది గంటలకు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది లక్షల రుపియా మధ్య మాట్లాడుకుంటారు. అంకె చూసి కంగారు పడొద్దు, లక్ష రుపియా మన డబ్బులో ఐదారు వందలు. ఇది తలకు కాదు, కారుకు. నలుగురు పంచుకుంటే గుంపుతో పోయే టూర్లకన్నా చవకే పడుతుంది. ఒంటరిగా వెళ్తే మాత్రం గుంపు టూరే గిట్టుబాటు.

అయితే "ప్రైవేట్ గైడెడ్ టూర్" అని రాసి ఉన్నా చాలాసార్లు వచ్చేది డ్రైవర్ ఒక్కడే. దారిలో కబుర్లు చెప్తాడు, గుడి ముందు దించి పార్కింగ్‌లో ఉంటాడు. జలపాతాలకూ మడులకూ అది చాలు. తిర్తా ఎంపుల్, గునుంగ్ కావి, బాలిలోకెల్లా పెద్ద గుడి బెసాకిహ్ లాంటి చోట్లకు వెంట నడిచే, లైసెన్సు ఉన్న గైడ్‌కు అదనంగా ఇచ్చినా దండగ కాదు. ఖాళీ పీఠం ఎందుకు ఖాళీగా ఉందో చెప్పే మనిషి లేకపోతే అది రాయిలాగే కనిపిస్తుంది.

యాప్‌లో కారు బుక్ చేసి పోదామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. వెళ్లడానికి బండి దొరుకుతుంది, రావడానికి దొరకదు. చాలా ఊళ్లలో యాప్ కార్లు ఎక్కించుకోవద్దని స్థానిక డ్రైవర్ల సంఘాలు బోర్డులు పెట్టాయి, జతిలువిహ్ లాంటి చోట సిగ్నలే అంతంత మాత్రం. స్కూటర్ ఉబుద్ చుట్టుపక్కలకు బాగుంటుంది. మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. కానీ ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ లేకుండా పడితే ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు.

మాట్లాడుకునేటప్పుడే కాఫీ తోట, వెండి షాపు, బాటిక్ షాపు వద్దని చెప్పండి. అవి డ్రైవర్‌కు కమీషన్ ఇచ్చే చోట్లు. అందులో తప్పేమీ లేదు గానీ మీ గంట పోతుంది. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే లువాక్ కాఫీ చూపించే చోట్ల, ఆ జంతువులను బోనుల్లో కట్టిపడేసిన దృశ్యం చూడ్డానికి బాగోదు. నేనైతే ఆగను.

మీ ఇంటివాళ్లను బట్టి

అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో, దక్షిణ తీరంలో దిగితే: తమన్ అయున్, జతిలువిహ్‌లో చిన్న నడక, భోజనం, ఉలున్ దను, తిరుగు ప్రయాణం. దిగువన ఉన్న బసలకు తిరిగొచ్చే దారి నుంచి తానా లోట్ పెద్ద దూరం కాదు. ఉదయం ఏడింటికి బయల్దేరితే సూర్యాస్తమయం అందుతుంది, ఎనిమిదిన్నరకు బయల్దేరితే ఆశ వదులుకోండి. ఈ దారిలో జలపాతం లేదేమని ఎవరైనా అలిగితే లేకె లేకె కలుపుకోవచ్చు, కానీ అప్పుడు తానా లోట్ తీసేయాలి.

ఉబుద్‌లో దిగిన జంటకు మధ్య దారి: పొద్దున్నే తెగల్లాలాంగ్, తర్వాత తిర్తా ఎంపుల్ స్నానం, గునుంగ్ కావి, మధ్యాహ్నం తిబుమానా. వానాకాలమైతే, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, జలపాతాన్ని పొద్దుటికి మార్చి గుళ్లను వెనక్కి నెట్టండి. వానలో గుడి చూడొచ్చు, పాచి పట్టిన మెట్లు దిగలేం. కుర్రాళ్ల బృందానికి సెకుంపుల్, తిరిగి వస్తూ బెదుగుల్. మడుల కోసం ఆ రోజు వెతకొద్దు.

శాకాహారులకు ఏ దారిలోనైనా గాడో గాడో (వేరుశనగ పచ్చడి కలిపిన కూరగాయలు), టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు దొరుకుతాయి. చిక్కంతా రొయ్యల ముద్ద తెరాసితో, అది చట్నీల్లో కనపడకుండా ఉంటుంది. "తన్పా దగింగ్, తన్పా ఇకాన్, తన్పా తెలూర్, తన్పా తెరాసి" అని ఫోన్‌లో రాసుకుని చూపించండి: మాంసం, చేప, గుడ్డు, రొయ్యల ముద్ద వద్దని. పక్కన పెట్టే అప్పడం కూడా చాలాసార్లు రొయ్యలదే.

ఉగాది సెలవులకు వెళ్లేవాళ్లకు

బాలివాళ్లదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త ఏడాది న్యేపి, తరచుగా మన ఉగాది రోజునో, ఒక రోజు అటూ ఇటుగానో వస్తుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. అధిక మాసం వేసే లెక్క వేరు గనుక 2024లో దాదాపు నెల తేడా పడింది. మనం పచ్చడి చేసుకుని గుడికి పోయే రోజున వాళ్లు దీపం వెలిగించరు, పొయ్యి ముట్టించరు, గడప దాటరు. విమానాశ్రయం ఇరవైనాలుగు గంటలు మూస్తారు. హోటల్ గేటు దాటడానికి పర్యాటకులకూ వీల్లేదు. ముందు రోజు సాయంత్రం భూత బొమ్మల ఊరేగింపులతో రోడ్లు బంద్. సెలవుల్లో టిక్కెట్లు తీసేముందు ఆ ఏడాది న్యేపి తేదీ చూసుకుని, కారు రోజు దానికి కనీసం రెండు రోజులు దూరంగా పెట్టండి.

210 రోజులకోసారి వచ్చే గలుంగన్ పండగ వేరే తరహా. ఊరూరా ఇళ్ల ముందు అలంకరించిన, చివర వంగిన వెదురు గడలు, గుళ్లన్నీ కళకళ. ద్వీపం చూడ్డానికి అంతకన్నా మంచి వారం లేదు. కానీ ఆ ఒకటి రెండు రోజులు డ్రైవర్లు సొంత ఊళ్లకు పోతారు, దొరికినవాళ్లు ఎక్కువ అడుగుతారు.

చివరగా డబ్బు కట్టే ముందు డ్రైవర్‌కు పంపాల్సిన సందేశం: ఎక్కడ ఎక్కించుకుంటారు, ఎన్ని గంటలు, దాటితే గంటకు ఎంత, ప్రవేశ టిక్కెట్లూ పార్కింగూ కలిసి ఉన్నాయా, గుడిలోకి వెంట వస్తారా, మధ్యలో షాపులేమైనా ఉన్నాయా. టిక్కెట్లు చిన్న జలపాతాల దగ్గర ఇరవై ముప్పై వేల రుపియా, పెద్ద గుళ్ల దగ్గర దానికి రెండు మూడింతలు ఉంటాయి, చాలాచోట్ల నగదే అడుగుతారు. విదేశీయుల నుంచి 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న లక్షా యాభై వేల రుపియా ద్వీప రుసుము వీటితో సంబంధం లేనిది. దాన్ని ముందే ఆన్‌లైన్‌లో కట్టి, రసీదు ఫోన్‌లో పెట్టుకోండి.